క్లార్క్ సారుకు మా నాన్న ప్రశ్న

సైబర్ టవర్స్ కూడలి. సిగ్నల్ దగ్గర ఓ షేర్ ఆటో వచ్చి ఆగింది. డ్రైవర్‌కి అటొకరు, ఇటొకరు సగం సీటు మీద వేలాడుతూ ఇద్దరు పెద్దమనుషులు. ఎడమ పక్కాయన జూల్స్ వెర్న్. కుడి పక్కాయన హెచ్.జి. వెల్స్. వెనక సీట్లో, ఒళ్లో మడతపెట్టిన చక్రాల కుర్చీతో ఆర్థర్ సి. క్లార్క్. నేను ఫుట్‌పాత్ మీద నిలబడి, రాసుకునే పుస్తకం చంకలో పెట్టుకుని వాళ్ల కోసమే చూస్తున్నాను.

"హైటెక్ సిటీ అంటే ఇదేనాండీ? ఆయ్!" అన్నారు వెర్న్ గారు దిగుతూనే.

చిల్లర దగ్గర వెల్స్‌కీ డ్రైవర్‌కీ చిన్న పేచీ కూడా అయింది. ఆయన జేబులోంచి తీసిన నాణెం మీద విక్టోరియా మహారాణి బొమ్మ ఉంది మరి! చివరికి నేనే ఫోన్‌తో స్కాన్ చేసి డబ్బులిచ్చాను. అది చూసి ముగ్గురూ నోరు తెరుస్తారనుకున్నాను. ఒక్కరూ పట్టించుకోలేదు.

నవ్వకండి. కిందటి నెల ఓ తెల్లవారుజామున నాకొచ్చిన కల ఇది. ఆ వేళప్పుడు వచ్చే కలలు నిజమవుతాయని మా అమ్మమ్మ అనేది. ఇది మాత్రం అయ్యేది కాదు. వచ్చినవాళ్లలో అందరికంటే ఆఖరున పోయిన క్లార్కే 2008 మార్చిలో కొలంబోలో కన్నుమూశారు.

నాలుగో అతిథి ఇంకా రాలేదేమిటా అని చూస్తుంటే, ఎంఎంటీఎస్ స్టేషన్ వైపు నుంచి చెమటలు తుడుచుకుంటూ నడిచొచ్చారు ఐజాక్ అసిమోవ్. మందపాటి నల్ల కళ్లజోడు, చెంపల నిండా తెల్లటి బుగ్గమీసాలు. పుస్తకం వెనక అట్ట మీద ఉండే ఫొటోనే లేచి వచ్చినట్టుంది.

కలల్లో లాజిక్ వెతక్కూడదంటారు. లేచాక కూర్చుని ఆలోచిస్తే నా కలలో ప్రతిదానికీ ఓ లెక్క కనిపించింది. రోదసి ప్రయాణాల గురించి అన్ని కథలు రాసిన అసిమోవ్‌కి విమానం ఎక్కాలంటే భయం. అందుకే రైల్లో వచ్చారు. క్లార్క్ చివరి రోజుల్లో చక్రాల కుర్చీలోనే తిరిగారు. మరి వెర్న్ గారి 'ఆయ్' ఎక్కడిదీ అంటారా? ఆయన ఫ్రెంచివారు. నాకు తెలిసిన ఫ్రెంచి ఊరు ఒక్కటే... యానాం! 1954 దాకా అది ఫ్రెంచివాళ్ల చేతుల్లోనే ఉంది కదా. నిద్రలో ఉన్న నా బుర్ర ఆయనకి గోదావరి యాస అంటగట్టేసింది. అసలు ఆయనకి మన దేశం మీద కొంచెం ఇష్టం ఉన్నట్టే ఉంది. సముద్రం అడుగున జలాంతర్గామిలో తిరిగే ఆయన కెప్టెన్ నీమో ఎవరనుకున్నారు? బుందేల్‌ఖండ్ రాకుమారుడు, టిప్పు సుల్తాన్‌కి మేనల్లుడి వరస! ఆ సంగతి ఆయన 'మిస్టీరియస్ ఐలాండ్' నవల చివర్లో గానీ బయటపెట్టలేదు.

వీళ్లందరినీ నాకు పరిచయం చేసింది మా నాన్న. ఆయనకి ఇంగ్లిష్ అక్షరాలు కూడబలుక్కుని చదవడమే వచ్చు. షాద్‌నగర్‌లో టీవీ మెకానిక్. విడిభాగాల కోసం నెలకోసారి కోఠీకి వచ్చేవారు. సెలవులైతే నన్నూ వెంట తెచ్చేవారు. శనివారం సాయంత్రం పని చూసుకుని, రాత్రి మలక్‌పేటలో మేనత్త ఇంట్లో పడుకుని, ఆదివారం పొద్దున్నే అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల దగ్గరికి. నాన్న పుస్తకాలు ఎంచే పద్ధతి చాలా తేలిక. అట్ట మీద రాకెట్టు ఉంటే కొనడం, లేకపోతే మానడం.

"రాకెట్టున్నదంటే సైన్సే గదా బిడ్డా. సైన్సుకు మార్కులొస్తయి" అనేవారు.

అలా పది రూపాయలకీ పదిహేనుకీ అసిమోవ్, క్లార్క్ మా ఇంటికొచ్చారు. నేనేమో తెలుగు మీడియం. పక్కన డిక్షనరీ పెట్టుకుని పేజీకి పాతిక మాటలు వెతుక్కుంటే గానీ కథ కదిలేది కాదు. ఈలోగా అద్దె పుస్తకాల షాపులో యండమూరి 'యుగాంతం', 'చీకట్లో సూర్యుడు' దొరికాయి. భూమి అంతమైపోతుంటే మనుషులు ఏం చేస్తారన్నది తెలుగులో చదువుతుంటే గుండె గొంతులోకి వచ్చేది, డిక్షనరీ అక్కర్లేకుండా! ఇక 'ఆదిత్య 369' సంగతి చెప్పనే అక్కర్లేదు. నాన్న షాపులో బాగుచేసిన ప్రతి వీసీపీకీ పరీక్ష క్యాసెట్ అదే. సింగీతం శ్రీనివాసరావు గారు 1991లో తీసిన ఆ సినిమాని నేను ముక్కలు ముక్కలుగా ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. కాలయంత్రం రాయలవారి కాలంలో దిగేసరికి నాన్న "ఆ, బొమ్మ మంచిగొస్తుంది" అని తీసేసేవారు. అది 2504 సంవత్సరంలోకి వెళ్తుందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

2000 సంవత్సరంలో అనుకుంటా, ఓ ఆదివారం అబిడ్స్ నుంచి నేరుగా ఇంటికి వెళ్లకుండా నన్ను బస్సెక్కించి మాదాపూర్ తీసుకొచ్చారు. సైబర్ టవర్స్‌ని 1998 నవంబరులో ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించినప్పటి నుంచి పేపర్లో ఆ గుండ్రటి భవనం ఫొటో చూసి చూసి ఉన్నారు. లోపలికి వెళ్లే పని మాకేముంది? రోడ్డవతల నిలబడి అంతస్తులు లెక్కపెట్టాం. పది. చుట్టూ బండరాళ్లు, గుట్టలు, సర్కారు తుమ్మలు. వాటి మధ్య అద్దాల మేడ. నాన్న చాలాసేపు చూసి "2504 గిట్లనే ఉంటదేమో" అన్నారు. మళ్లీ బస్సెక్కి వచ్చేశాం.

ఆ భవనమే కలలోకి వచ్చింది. కాకపోతే నా చేతిలో నలుగురు అతిథులున్నారు, గేటు దగ్గర సెక్యూరిటీ ఉన్నాడు.

"ఐడీ కార్డు?"

నలుగురూ నా మొహం చూశారు. విజిటర్స్ రిజిస్టర్ ముందుకు తోశాడతను. 'ఎక్కడి నుంచి వచ్చారు' అన్న గడిలో వెర్న్ 'చంద్రమండలం' అని రాశారు. 'వచ్చిన సమయం' దగ్గర వెల్స్ కలం పట్టుకుని తెగ ఆలోచిస్తూ ఉండిపోయారు. 'ఎవరిని కలవాలి' అన్నచోట అసిమోవ్ 'రోబో' అని రాస్తే, సెక్యూరిటీ అతను "ఏ కంపెనీ సార్?" అన్నాడు. రోబోలు మనిషికి హాని చేయకూడదు, మనిషి చెప్పింది వినాలి, ఆ తర్వాతే తనను తాను కాపాడుకోవాలి అంటూ 1942లోనే మూడు సూత్రాలు రాసిపెట్టిన మనిషాయన! ఆ సంగతి ఎంత చెప్పినా గేటు తెరుచుకోలేదు. మా వెనక కుర్రాళ్లు మెడలో కార్డులు టకటకా ఆనించి లోపలికి వెళ్లిపోతున్నారు.

ఎలా లోపలికి వెళ్లామో తెలీదు. కలల్లో గుమ్మాలుండవు కదా. పైన ఎక్కడో పెద్ద కిటికీ దగ్గర ఉన్నాం. విలేకరిని కదా, ఇలాంటి అవకాశం మళ్లీ వస్తుందా? రికార్డర్ నొక్కాను. బ్యాటరీ లేదు. ఫోన్ తీశాను. 'అప్‌డేట్ అవుతోంది, ఆపవద్దు' అంటోంది. సరే, పెన్నే గతి. జర్నలిజం డిప్లొమాలో మాకు ముందు చిన్న ప్రశ్నలు అడగమని చెప్పారు. నేను మాత్రం ఏళ్ల తరబడి దాచుకున్న పెద్ద ప్రశ్నే అడిగేశాను. "మీరు ఊహించిన భవిష్యత్తు ఇదేనా?"

కిటికీలోంచి దుర్గం చెరువు మీద తీగల వంతెన మెరుస్తోంది. రాయదుర్గం వైపు మెట్రో రైలు ఓ పురుగులా పాకుతోంది. మేడల మీద మేడలు. గర్వంగా చెయ్యి చాపి చూపించాను, అవన్నీ నేనే కట్టించినట్టు! వెల్స్ చూపు మాత్రం ఆ మేడల సందులో మిగిలిపోయిన ఓ బండరాళ్ల గుట్ట మీద ఆగింది. ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చినట్టు ఉంటాయే, అవి. ఆ రాళ్ల వయసు రెండొందల యాభై కోట్ల ఏళ్ల దాకా ఉంటుందని ఎప్పుడో ఓ వ్యాసం కోసం రాసుకున్నాను. కాలయంత్రం కథ రాసినాయనకి ఆ గుట్టే నచ్చడంలో వింతేముంది! ఇప్పటికీ నాకు ఒకటే బాధ. ఆ వ్యాసం రాసినప్పుడున్న గుట్టల్లో కొన్ని ఇప్పుడు లేవు.

అసిమోవ్‌కి చెప్పాల్సిన కబురు నా దగ్గర ఒకటుంది. 1951లో ఆయన పిల్లల కోసం ఓ చిన్న కథ రాశారు. 2157లో ఇద్దరు పిల్లలకి అటక మీద అచ్చు పుస్తకం దొరుకుతుంది. అప్పటికి బడులే లేవు. ఎవరింట్లో వాళ్లు యంత్రం ముందు కూర్చుని పాఠాలు నేర్చుకోవడమే. పూర్వం పిల్లలందరూ ఒకేచోట చేరి చదువుకునేవాళ్లట, ఎంత సరదాగా ఉండేదో అని ఆ పాప అనుకుంటుంది. చాలా ఏళ్లు తొమ్మిదో తరగతి సీబీఎస్‌ఈ ఇంగ్లిష్‌లో మొదటి పాఠం అదే. 2020లో మా అక్క కొడుకు తొమ్మిదికి వచ్చాడు. కరోనా. బడి మూత. మియాపూర్‌లో పడగ్గది తలుపేసుకుని, ఫోన్ ముందు ఒంటరిగా కూర్చుని వాడు ఆ పాఠం విన్నాడు! మధ్యలో మ్యూట్ చేసి నాకు ఫోన్ చేశాడు. "పిన్నీ, ఈయనకి ముందే ఎలా తెలుసు?"

ఆ మాటే అసిమోవ్‌కి చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. నూట ముప్పై ఏడేళ్ల ముందే నిజమైపోయినందుకు సంతోషించారో, నొచ్చుకున్నారో తెలీలేదు.

అంతలో గోడ మీదున్న పెద్ద తెర ఠప్పున ఆగిపోయింది. చుక్కలు, చుక్కలు... ఇసక చల్లినట్టు. బుస్సుమని చప్పుడు. కుర్రాళ్లంతా ల్యాప్‌టాప్‌లు వదిలేసి లేచారు. ఎవరికీ ఏం చేయాలో తెలీదు. అప్పుడు లిఫ్ట్ తలుపు తెరుచుకుంది. భుజాన సంచి, చేతిలో సోల్డరింగ్ పెట్టెతో మా నాన్న! గేటు దగ్గర ఎవరూ ఆపలేదట. "టీవీ బాగుచేసేతందుకు వచ్చిన అంటే పొమ్మన్నరు" అన్నారు తేలిగ్గా.

ఇక్కడ కలని కాసేపు ఆపి 1975కి వెళ్లొద్దాం.

ఆ ఏడు ఆగస్టు 1 నుంచి అమెరికావాళ్ల ఏటీఎస్-6 అనే ఉపగ్రహం నుంచి మన ఇస్రో ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు టీవీ కార్యక్రమాలు పంపింది. 'సైట్' అంటారు ఆ ప్రయోగాన్ని. పెద్ద పెద్ద పట్టణాలే టీవీ మొహం చూడని రోజులు. అప్పటి మన రాష్ట్రమూ ఆ ఆరింట్లో ఒకటి. మా నాన్న చెప్పే లెక్క ప్రకారం ఆ పల్లెల్లో మా ఊరు కూడా ఉంది. ఆయన అప్పుడు నాలుగో తరగతి. బడి కప్పు మీద కోళ్ల గూడుకి వేసే జాలీతో చేసిన పదడుగుల గొడుగు తిరగేసి పెట్టారు. కింద వరండాలో చెక్కపెట్టెలో టీవీ. పొద్దున గంటన్నర బడి పిల్లలకి, సాయంత్రం రెండున్నర గంటలు పెద్దలకి. వ్యవసాయం, ఆరోగ్యం, వార్తలు, ఆటపాటలు. సాయంత్రమైతే పశువుల్ని కట్టేసి ఊరంతా అక్కడే. నాన్న అందరికంటే ముందు వెళ్లి మొదటి వరసలో చోటు పట్టేవారట. ఏం చూశావు నాన్నా అంటే ఇప్పటికీ కార్యక్రమాల పేర్లు చెప్పరు. "బొమ్మ కదులుతుండె" అంటారు, అంతే.

సరిగ్గా ఏడాది. 1976 జులై 31న ఆగిపోయింది. ఒప్పందమే ఏడాదికి. ఉపగ్రహాన్ని వాళ్లు మళ్లీ అమెరికా వైపు జరిపేసుకున్నారు. ఊళ్లో పిల్లలకి ఒప్పందాలేం తెలుస్తాయి? నాన్న మర్నాడు సాయంత్రం కూడా వెళ్లి మొదటి వరసలో కూర్చున్నారు. ఆ మర్నాడు కూడా. తర్వాత కొన్నాళ్లకి జీపు వచ్చి పెట్టెని తీసుకెళ్లిపోయింది. ఊరి చివరి చింతచెట్టు దాకా దాని వెనక పరిగెత్తారట. కప్పు మీది జాలీ గొడుగు మాత్రం మిగిలింది. దాని మీదికి పంతులుగారి భార్య చిక్కుడు తీగ ఎక్కించింది. 1977లో హైదరాబాద్‌లో దూరదర్శన్ వచ్చింది గానీ మా ఊరిదాకా బొమ్మ అందలేదు. ఇన్సాట్-1బి ఎగిరింది 1983లో. ఆ పైన ఎప్పుడో మా మండలానికి టీవీ వచ్చేనాటికి నాన్న మెకానిక్ పని నేర్చుకుంటున్నారు. పెట్టె వెనక మూత విప్పితే పోయిన బొమ్మ ఎటుపోయిందో తెలుస్తుందని ఆ పనిలో చేరానంటారు నవ్వుతూ. ముప్పై ఏళ్లు విప్పారు. పిక్చర్ ట్యూబుల కాలం పోయి పలక టీవీలు వచ్చాక షాపు మూసేశారు.

మళ్లీ కలలోకి వస్తే... ఆ అద్దాల హాలు ఎప్పుడు మారిందో గానీ, మా ఊరి బడి వరండా అయిపోయింది. మొదటి వరసలో క్లార్క్ ఒక్కరే చక్రాల కుర్చీలో కూర్చుని చుక్కల తెరని చూస్తున్నారు. నేను నాన్న చెవిలో గబగబా చెప్పాను. "నాన్నా, ఈయనే ఆయన. భూమికి 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఉపగ్రహాన్ని పెడితే అది ఒకేచోట నిలబడ్డట్టు ఉంటుంది, అక్కడి నుంచి లోకమంతా ప్రసారాలు పంపొచ్చు అని 1945లోనే రాశారు. అప్పటికి అసలు ఆకాశంలో ఒక్క ఉపగ్రహం కూడా లేదు!"

నాన్న సంచి కింద పెట్టారు. వెళ్లి కుర్చీ పక్కన గొంతుక్కూర్చున్నారు. అరవై దాటిన మనిషి, నాలుగో తరగతి పిల్లాడిలా. నా పెద్ద ప్రశ్నలన్నీ పక్కకి తోసేసి అడిగారు.

"మా బొమ్మ ఎందుకు బంద్ చేసిన్రు సారూ? మంచిగొస్తుండె గదా."

క్లార్క్ తల తిప్పి నాన్నని చూశారు. ఏదో చెప్పబోయారు. పెదవి కదిలింది కూడా. ఈలోగా కింద క్యాబ్ హారన్. రాత్రి షిఫ్టు నుంచి మా ఆయన దిగారు. నాకు మెలకువ వచ్చేసింది. టైము నాలుగూ నలభై. ఆ క్యాబ్ డ్రైవర్‌ని నేను ఈ జన్మలో క్షమించను.

ఈ కల ఎందుకొచ్చిందో నాకు తెలుసు. ముందురోజు రాత్రి ఆఫీసులో 'సైట్' ప్రయోగానికి యాభై ఏళ్లు అంటూ ఏదైనా రాద్దామని పాత విషయాలు తిరగేస్తున్నాను. ఒకచోట కళ్లు ఆగిపోయాయి. 1975లో ఇస్రో ఇంజినీర్లు కొలంబో వెళ్లి క్లార్క్ ఇంటి దగ్గర ఓ డిష్ అమర్చి వచ్చారు. ఆ ఆలోచనకి ఆద్యుడు ఆయనే కదా, గౌరవంగా అన్నమాట. అప్పటికి శ్రీలంకలో టీవీయే లేదు. మన పల్లెలకి వెళ్లే కార్యక్రమాలనే ఆయన తన ఇంట్లో కూర్చుని చూశారు. అంటే ఆ ఏడాది పాటు ప్రపంచ ప్రఖ్యాత రచయిత ఒకరు కొలంబోలో, నిక్కరు వేసుకున్న మా నాన్న బడి వరండాలో, ఒకే ఉపగ్రహం పంపిన బొమ్మ చూశారు. ఆ మాట ఎవరితో అన్నా చెప్పాలనిపించింది. అప్పటికే పదకొండయింది. చెప్పకుండానే పడుకున్నాను.

ఐదున్నరకి ఫోన్ చేశాను. నాన్న ఆ సరికి లేచి పళ్లు తోముకుంటూ ఉంటారు.

"నాన్నా, కలలోకి వచ్చినవ్."

"పైసలడిగిన్నా?"

"లేదు. క్లార్క్‌ని ఓ ప్రశ్న అడిగినవ్."

"ఏ క్లర్కు? మండలాఫీసుల క్లర్కా?"

మొత్తం చెప్పాను. షేర్ ఆటో, రిజిస్టరు, చుక్కల తెర, అన్నీ. యానాం యాసకి నవ్వారు. కొలంబోలో డిష్ సంగతి వచ్చేసరికి చప్పుడు లేదు. ఫోన్ కట్టయిందేమో అనుకున్నాను.

"అంటే బిడ్డా, ఆయనకు గూడ బంద్ అయి ఉంటది."

నాకు ఆ ఆలోచనే రాలేదు. ఉపగ్రహం ఒకటే. అది జరిగిపోయాక అక్కడ మాత్రం బొమ్మ ఎలా వస్తుంది? "అయ్యే ఉంటుంది నాన్నా" అన్నాను.

"మల్ల నేనడిగినదానికి ఏమన్నడు?"

"చెప్పేలోపు మెలకువొచ్చింది."

"గంతేనా! ఇంక పొద్దే పొడవలే. పండుకో. అడిగి చెప్పు" అని పెట్టేశారు.